పసిబిడ్డలు – వారి యక్కలు

మన యిండ్లలో బిడ్డ చదువును గూర్చిన ప్రసంగ మెప్పుడు వచ్చును? బడిలో పేరు వ్రాయించు దినమున వచ్చును. అంతవఱకు పాలు, అన్నము, నిద్ర, నీళ్లు పోయుట, దిష్టి తీయుట, ఇవియే మన కర్తవ్యములు. పెంపకము తల్లి పని, చదువు అయ్యవారి పని యని రెంటికి నడుమ నొక గోడ కట్టుకొన్నాము. మన పురాణము లీ గోడను కట్టలేదు. ప్రహ్లాదుడు తల్లి గర్భమున నుండగనే నారదుని బోధ వినెనని భాగవతము చెప్పుచున్నది. బాలకృష్ణుని పరుగులను, అల్లరిని, మన్ను తినుటను వర్ణించి వర్ణించి మన కవులకు తనివి తీరలేదు. పసితనము ఊరక గడచిపోవు కాలము కాదని వారెఱుగుదురు. ఐదేండ్ల వఱకు బిడ్డను లాలింపవలెనని చెప్పిన నీతికారులును, లాలించుట యనగా వదలివేయుట యని చెప్పలేదు. లాలించుటకు దగ్గఱ నొక మనిషి యుండవలయును గదా.

ఆ మనిషి యెవరు? తల్లి కూలికి పోయిన యింట బిడ్డను లాలించువా రెవరు? ఈ ప్రశ్నకు మన పల్లెలు చెప్పుకొన్న జవాబేమి, మన దేశమందును ఇరుగుపొరుగు దేశములందును ఈ పనికై పుట్టిన సంఘములు చెప్పిన జవాబేమి యని యోచించుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. మేము బడికి పోయి చదివినవారము కాము. మా తాతగారు ఇంట కూర్చుండబెట్టి భారత భాగవతములను, కొంత కావ్యభాగమును చెప్పిరి. మా వారు ప్రాథమిక పాఠశాలలో నుపాధ్యాయులు. కావున ఒకటవ తరగతిలోనికి వచ్చు బిడ్డలను, బడికి రావలసియు రాలేని బిడ్డలను ప్రతి సంవత్సరమును దగ్గఱనుండి చూచుచున్నాము.

మేమున్న పల్లె చంద్రగిరికిని పాకాలకును నడుమ నున్నది. ఊరి స్త్రీలలో కొందఱు తెల్లవారకమునుపే తిరుపతి బస్సెక్కుదురు. యాత్రికులు దిగు వసతి గృహములలో గదు లూడ్చుట, దుప్పట్లు మార్చుట, హోటళ్లలో గిన్నెలు తోముట వారి పని. కొందఱు నాట్లకును, కలుపులకును, చెనక్కాయలు పెఱుకుటకును పోదురు. వేసవి ముగియు వేళకు తోతాపురి మామిడి కోతకు వచ్చును. అప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల బండ్లు పల్లెలకు వచ్చి ఆడువారిని ఎక్కించుకొని పోవును. చిత్తూరు ప్రాంతమున ఆ ఫ్యాక్టరీలు జోరుగా నడచునది జూన్, జూలై నెలలలో. బడులు తెఱచునదియు జూన్ రెండవ వారముననే. బడి తలుపు తెఱచిన వేళకే ఇంటి తల్లికి పని దొరకును. ఆ రెండును ఒక్కమాఱు వచ్చుటచే నడుమ చిక్కుకొనునది ఇంటి పెద్దబిడ్డ.

మొన్నటి సంవత్సరము జూలైలో మా వారు నాలుగవ తరగతి హాజరు చూచుకొనుచు, ఒక బాలిక నెల దినములలో ఆఱు దినములే వచ్చినదనిరి. చురుకైన పిల్ల, పద్యము నొకమాఱు వినిన నప్పగించును. మేము వారి యింటికి పోయి చూడగా, ఆ పిల్ల ఏడాది తమ్ముని చంకనెత్తుకొని, ఒక చేత సంగటి గిన్నె పట్టుకొని వాకిట నిలిచియున్నది. సాయంకాలము తల్లి వచ్చిన తరువాత అడిగితిమి. "ఏం జేసేది అయ్యవారమ్మా? సన్నోణ్ణి ఎవరి కాడ ఇడిసిపెట్టి పొయ్యేది? ఈ రెండు నెల్లు గుజ్జు పనికి బోతేనే గదా మేం నాలుగు రూపాయలు కండ్లజూసేది" అని యామె మమ్మే యడిగినది. ఆమె మాటలో తప్పు పట్టుటకు మాకు చోటు కనబడలేదు.

ఇట్టి పిల్లను చూచి మనవారు "ఎంత బుద్ధిమంతురాలు! తల్లికి చేదోడుగ నున్నది" అని మెచ్చుకొందురు. మెచ్చుకొనదగినదే. కాని పదేండ్ల పిల్లకు ఏడాది బిడ్డను పెంచుట తెలియునా? ఏడ్చిన నెత్తుకొనును, నడుము నొచ్చిన దింపును, ఆకలియైన పెద్దలు తినునదే పెట్టును. బిడ్డతో మాటలాడుట, వాని కూతలకు బదులు పలుకుట, వాని యడుగులకు తోడుపడుట ఆమె కెవరు నేర్పిరి? ఆమెయు బిడ్డయే. ఒక యింట నిద్దఱు బిడ్డల చదువు ఒక్కనాడే చెడుచున్నది. తమ్మునికి మొదలు కాకమునుపే చెడుచున్నది. అక్కకు నడుమ తెగిపోవుచున్నది.

"ఊరిలో అంగన్‌వాడీ లేదా?" యని చదువరు లడుగుదురు. కలదు. కాని యచ్చట పగలెల్ల కూర్చుండువారు మూడేండ్లు నిండిన బిడ్డలు. మూడేండ్ల లోపువారికి సరకు లింటికిత్తురు, తూకము వేయుదురు, టీకాలకు పిలుతురు. ఉంచుకొనుట మాత్రము లేదు. మఱియు తల్లి తెల్లవారగనే పోవును. కేంద్రము తొమ్మిది గంటలకు తెఱచుదురు. తల్లి కూలివేళకును కేంద్రపు వేళకును నడుమ నున్న యెడమును పూరించునది మరల ఆ యక్కయే.

ఈ చిక్కు మన పల్లెకు మాత్రమే వచ్చినది కాదు. లోకమున శిశుశాలలు పుట్టుటకు గల కారణములలో నిదియు నొకటి. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ అను నతడు 1837లో పసిపిల్లల యాటపాటలకై యొక శాలను పెట్టి, 1840లో దానికి "పిల్లల తోట" యను నర్థము వచ్చునట్లు కిండర్‌గార్టెన్ అని పేరిడెను. రోము నగరమున సాన్ లోరెంజో యను పేదల వాడలో 1907 జనవరి 6వ తేదీని వైద్యురాలు మరియా మాంటిస్సోరి తన మొదటి "పిల్లల యిల్లు" తెఱచినది. దాని పుట్టుక వినదగినది. తల్లిదండ్రులు పనికి పోగా పిల్లలు మెట్లపై తిరుగుచు గోడలు పాడుచేయుచున్నారని ఆ యిండ్ల యజమానులు విసిగి, ఈ పిల్లల నొక గదిలో చూచుకొనువారున్న చాలునని యామెను పిలిచిరి. గోడలను కాపాడుటకు మొదలైన పని బిడ్డల బుద్ధిని కాపాడు పనియైనది. లండనులో రేచెల్, మార్గరెట్ మాక్‌మిలన్ అను నక్కసెల్లెండ్రు 1914లో డెప్ట్‌ఫర్డు అను పేటయందు బీదల పిల్లలకై ఆరుబయట శిశుశాల నొకదానిని నడపిరి. అచ్చట పాఠముకంటె ముందు స్నానము, అన్నము, నిద్ర.

మాంటిస్సోరి 1939లో మన పొరుగుననే యున్న మదరాసునకు వచ్చినది. అడయారులోని దివ్యజ్ఞాన సమాజమువారి పిలుపుపై వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చుచుండగా యుద్ధము ముదిరినది. ఇటలీ దేశీయురాలగుటచే తిరిగి పోజాలక 1946 వఱకు ఈ దేశముననే నిలిచినది. ఆమె యుపకరణములలో గరుకు కాగితముతో కత్తిరించి పలకపై నతికించిన యక్షరములు కలవు. బిడ్డ వానిని వ్రేలితో తడవి తడవి, చేతికి తెలిసిన పిదప వ్రాతకు దిగును. మనము అక్షరాభ్యాసమున పళ్లెములో బియ్యము పోసి బిడ్డ వ్రేలు పట్టి దిద్దించుట దీనికి మిగుల చేరువ. భేదమేమన, మనము దానిని ఒక్కనాటి వేడుకగ ముగించి మఱునాడే బిడ్డ చేతికి పెన్సి లిత్తుము. ఆమె వ్రేలికి చాలినంత కాల మిచ్చినది.

ఆమె రాకకు పూర్వమే ఆమె గ్రంథములను చదివి మన దేశమున పని మొదలుపెట్టినవారు కలరు. గుజరాతున గిజుభాయి బధేకా వకీలు వృత్తిని విడిచి, 1920లో భావనగరమున దక్షిణామూర్తి బాలమందిరమును పెట్టెను. పిల్లలపై నతనికి గల ప్రేమను చూచి జనులతనిని "మీసముల తల్లి" యనిరి. అతనితో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరమందలి బోర్డీ గ్రామమునకు పోయినది. అచ్చటి గిరిజనుల పిల్లలు బడికి రాలేదు. బడి కడకు పిల్లలు రానిచో పిల్లల కడకే బడి పోవలెనని యామె తలచి, వారి వాకిళ్లలోనే పాటలు, కథలు, స్నానము, శుభ్రత మొదలుపెట్టినది. ఆమెకు కుడిభుజమై నిలిచిన అనుతాయి వాఘ్ బాల్యమందే వివాహమై బాల్యమందే భర్తను కోల్పోయిన స్త్రీ. అంగణ మనగా మనము ముగ్గు వేయు వాకిలియే. నేటి అంగన్‌వాడీ యను మాట ఆ వాకిటినుండి వచ్చినదే.

మన తెలుగువారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారిని స్మరింపక ఈ కథ సాగదు. రాజమహేంద్రవరమున పుట్టి, మదరాసున ఆంధ్ర మహిళా సభను నెలకొల్పిన యా మహనీయురాలు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి మొదటి యధ్యక్షురాలైనది. ఆ మండలి సాయముచే దేశమందలి పల్లెలలో బాలవాడీలు వెలసినవి. పిదప 1975 అక్టోబరు 2వ తేదీని సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 33 చోట్ల ప్రారంభమైనది. దాని పను లాఱు: పౌష్టికాహారము, పూర్వప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్యబోధ, టీకాలు, వైద్య పరీక్ష, అవసరమైన యాసుపత్రికి పంపుట. 2021 మొదలు దీనిని "సక్షమ్ అంగన్‌వాడీ" యను క్రొత్త పేరున నడపుచున్నారు. మూడేండ్లు దాటిన బిడ్డకు శక్తినిచ్చు నాహారమును, మాంసకృత్తులును, ఏటికి 300 దినము లీయవలెనని నియమము. 33 చోట్ల మొదలైనది నేడు దేశమంతట పదమూడు లక్షలకు పైబడిన కేంద్రములైనది. ఇంత పెద్ద యేర్పాటు లోకమున నరుదు.

అయినను ఏర్పాటు కాగితముపై నుండును. బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొనునది ఒక స్త్రీ. మా యూరి కేంద్రమున ఆమె ఉదయమున తలుపు తెఱచి, ఊడ్చి, పిల్లలను పిలిచి, సహాయకురాలితో కలిసి వంట చూచి, గుడ్డు పాలు పంచి, తూకములు వేసి, గర్భిణుల యిండ్లకు పోయి, టీకాల దినమున నర్సునకు తోడై, వీనినన్నిటిని రిజిస్టర్లలోను ఫోనులోను నెక్కించును. ఒకనాడు మే మచ్చటికి పోవునప్పటికి, ఇరువదిమంది బిడ్డల నడుమ ఫోను పట్టుకొని సంకేతముకొఱకు వాకిటికిని లోపలికిని తిరుగుచున్నది. "ఆటలు ఆడించాలని ఉంటుందమ్మా. ఈ ఎక్కించే పని అయ్యేసరికి పిల్లోళ్ళు నిద్రకొస్తారు" అని నవ్వినది. ఆ నవ్వులో విసుగు కంటె చింత యెక్కువగ కనబడినది.

ఆమె పొందునది జీతము కాదు, గౌరవ వేతనము. మన రాష్ట్రమున కార్యకర్తకు 2019లో దానిని నెలకు రు. 11,500గా చేసిరి, సహాయకురాలికి రు. 7,000. అది చాలదనియు, తమకు గ్రాట్యుటీ కావలెననియు 2023 డిసెంబరు 12వ తేదీని అంగన్‌వాడీ స్త్రీలు సమ్మెకు దిగి 42 దినములు నిలిచిరి. అంతకు మునుపే 2022 ఏప్రిలులో సర్వోన్నత న్యాయస్థానము గుజరాతు వ్యాజ్యములో, వీరికి గ్రాట్యుటీ హక్కు కలదని తీర్పు చెప్పియుండినది. ఆ 42 దినములు మా వీధిలో కొన్ని యిండ్ల తల్లులు కూలి మానుకొనిరి. కొన్ని యిండ్ల యక్కలు బడి మానుకొనిరి. కేంద్రము మూతపడిన దినముననే కేంద్ర మేమి చేయుచున్నదో ఊరికి తెలిసినది. "ఆయమ్మ పిల్లలకు గుడ్డు పెట్టును" అని మాత్రమే తలచుచుండినవారు, ఆమె ఊరి బడికి తొలి పంతులమ్మ యని అప్పుడు కనుగొనిరి.

ఇక పొరుగు దేశముల సంగతి. మన ఆసియా ఖండమున పెక్కు దేశములందును ఈ పనిని ప్రభుత్వమొక్కటే చేయలేదు, సంఘములు తోడైనవి. శ్రీలంకలో 1958లో ఆర్యరత్నగారు మొదలిడిన సర్వోదయ శ్రమదాన ఉద్యమము గ్రామ గ్రామమున శిశుపాఠశాలలను పెట్టినది. ఊరివారే చేతులు కలిపి పాక వేయుదురు. ఆ యూరి యువతియే శిక్షణ పొంది పిల్లలను చూచును. బంగ్లాదేశమున 1972లో పుట్టిన బ్రాక్ అను సంస్థ, ఒకటవ తరగతికి పూర్వ మొక యేడు పిల్లలను సిద్ధపఱచు చిన్న బడులను వేలకొలది నడపినది. వానిలోను బోధించువారు ఆ గ్రామ స్త్రీలే. నేపాళమున సేతో గురాఁస్ అను సంస్థ యున్నది. ఆ మాటకు తెల్లని కొండపువ్వు అని యర్థము. ఫిలిప్పీను ద్వీపములలో 1990లో ప్రతి గ్రామమునకు నొక శిశు సంరక్షణ కేంద్రముండవలెనని చట్టమే చేసిరి.

మన దేశమున మూడేండ్ల లోపు బిడ్డను తలచిన సంఘములును గలవు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శనకై కట్టడములు కట్టుచుండగా, కూలి తల్లుల పసికందులు ఇసుక కంకరల నడుమ పడియుండుట మీరా మహాదేవన్ అను నామె చూచినది. అచ్చటనే ఒక గుడారము వేసి శిశుగృహము తెఱచినది. మొబైల్ క్రెషెస్ అను సంస్థ అట్లు పుట్టినది. కట్టడ మెచ్చటికి పోయిన శిశుగృహ మచ్చటికి పోవును. అహమ్మదాబాదున ఇలా భట్ గారి స్వయంఉపాధి స్త్రీల సంఘము, సంగిని యను సహకార సంఘము ద్వారా తల్లుల పనివేళలను బట్టి శిశుగృహములను నడపుచున్నది. మన తిరుపతిలో 1981లో గుత్తా మునిరత్నంగారు స్థాపించిన రాయలసీమ సేవా సమితియు పల్లెలలో బాలవాడీలను, శిశు సంరక్షణ కేంద్రములను తన పనిగా చేసికొన్నది.

ఇన్ని దేశముల సంఘములును ఒకదాని యనుభవ మొకటి తెలిసికొనుటకు వేదికలును ఏర్పడినవి. 1948లో ప్రేగు నగరమున స్వీడన్ దేశీయురాలు ఆల్వా మిర్డాల్ మొదలైనవారు పసిబిడ్డల విద్యకై ప్రపంచ సంస్థ నొకదానిని స్థాపించిరి. 1990లో థాయిలాండులోని జోమ్‌టియెనున కూడిన దేశములు, చదువు పుట్టుకతోనే మొదలగునని ప్రకటించినవి. 2008లో ఆసియా పసిఫిక్ దేశములకై సింగపూరు కేంద్రముగ "ఆర్నెక్" అను మండలి యేర్పడినది. ఇట్టి మండలులు తాము బిడ్డలకు పాలు పట్టవు. ఒక దేశమున ఫలించిన పద్ధతిని మఱియొక దేశమునకు తెలుపుట, ప్రభుత్వముల చెవిన వేయుట వాని పని. వీని చరిత్రల నన్నిటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మాకు తోచిన దొకటే. ఎచ్చట ఆ యూరి స్త్రీకి శిక్షణమును, తగిన ప్రతిఫలమును, తల్లుల తోడును దొరకినవో, ఎచ్చట తల్లి పనివేళను బట్టి తలుపు తెఱచిరో, అచ్చట శిశుశాల నిలిచినది. ఈ నాలుగింటిలో నేది లోపించినను మిగిలినది గదియు, తాళమును.

చట్ట మేమి చెప్పుచున్నదో మన మెఱిగియుండవలెను. 1993లో సర్వోన్నత న్యాయస్థానము ఉన్నికృష్ణన్ వ్యాజ్యములో పదునాలు గేండ్ల వఱకు బిడ్డకు విద్య ప్రాథమిక హక్కని తీర్పిచ్చినది. ఆ వ్యాజ్యమున రెండవ కక్షి మన ఆంధ్రప్రదేశ ప్రభుత్వమే. 2002లో రాజ్యాంగమును 86వ మాఱు సవరించినప్పుడు ఆ హక్కు ఆఱు మొదలు పదునాలు గేండ్ల వఱకు అని వ్రాయబడినది. ఆఱేండ్ల లోపువారికి ప్రభుత్వము సంరక్షణమును విద్యను కల్పింప యత్నింపవలెనని వేఱొక చోట చేర్చిరి. హక్కు వేఱు, యత్నము వేఱు. మా వారి బడిలో నొక బిడ్డకు చోటు లేదన్న అడుగుటకు చట్టము కలదు. ఏడాది బిడ్డకు ఊరిలో చోటు లేదన్న అడుగుటకు అంత గట్టి చట్టము లేదు. 1948 నాటి కర్మాగారముల చట్టమున స్త్రీ లెక్కువగ నున్నచోట శిశుగృహముండవలెనని విధించిరి. 2005 నాటి గ్రామీణ ఉపాధి చట్టమున, పనిచోట ఐదుగురు పసిబిడ్డలున్న వారిని చూచుట కొక స్త్రీని నియమింపవలెనని వ్రాసిరి. వ్రాసినది నడచుటకు అడుగువారుండవలెను. 2022 మొదలు "పాల్నా" యను పేరున అంగన్‌వాడీతో శిశుగృహమును కలుపు పథకము వచ్చినది. పాల్నా యనగా ఊయల. ఆ యూయల మన యూరికిని రావలెనని గ్రామసభలో నడుగవలసినవారము మనమే.

అడిగినది వచ్చువఱకు బిడ్డలు పెరుగక ఆగరు. కావున ఈ సంవత్సరము జూన్ నెలలో మా వీధివార మొక చిన్న యేర్పాటు చేసితిమి. పనికి పోజాలని ముగ్గురు అవ్వలు మా యింటి వసారాలో ఉదయము ఆఱు గంటల నుండి కూర్చుండుట. తల్లులు తమ బిడ్డను, బిడ్డ తిండిని తెచ్చి వదలుట. వారమునకు కొంత సొమ్ము పోగుచేసి అవ్వల కిచ్చుట. తొలివారమున నలుగురు బిడ్డలు, నెల దాటునప్పటికి తొమ్మిదిమంది. ఒక యవ్వకు మోకాళ్ల నొప్పి వచ్చి రెండు వారములు రాలేదు. ఒకనాటి వానకు వసారా తడిసి అందఱము నడింటిలోనికి చేరితిమి. ఏడ్పులు, తగవులు, "మీ వాడు మా వాణ్ణి కొరికినాడు" అను ఫిర్యాదులు తక్కువ కాలేదు. అయినను అవ్వలకు జోలపాటలు వచ్చును. తాళ్లపాక అన్నమయ్య జోలలు వ్రాసిన గడ్డ గదా మనది! గుడుగుడు గుంచము, చెమ్మచెక్క, చింతగింజలు లెక్కించుట, ఇవి నేర్పుటకు వారికి శిక్షణ మక్కఱలేకపోయినది. తమ్ముని చంకనెత్తుకొన్న యా బాలిక ఈ మామిడి కాలమున, జ్వరము వచ్చిన మూడు దినములు తప్ప, బడి మానలేదు.

కలిగిన యిండ్ల సోదరీమణులకును ఒక మాట. కూలి తల్లికి బిడ్డను విడుచుటకు చోటు లేదు. మనకు చోటు లెక్కువైనవి. పట్టణమున నొక శిశుశాలలో మా బంధువుల బిడ్డను మూడవ యేటనే చేర్చిరి. ఆ శాల పేరు చెప్పము. బిడ్డ చేతికి ఇంగ్లీషు అక్షరములు పుటలకొలది వ్రాయ నిచ్చిరి. మూడేండ్ల వ్రేళ్ల యెముకలు, నరములు ఇంకను గట్టిపడవు. బిడ్డ పెన్సిలును పిడికిట పట్టి, వ్రేళ్లు నొచ్చి, కొంతకాలమునకు పుస్తకమును చూచిననే ముఖము త్రిప్పుకొనసాగినది. ఆ వయసున వ్రేలికి కావలసినది మట్టి, నీళ్లు, పిండిముద్ద, గింజలు ఏరుట, పూలు గ్రుచ్చుట. చెవికి కావలసినది కథ. నాలుకకు కావలసినది తల్లిభాషలో ప్రశ్న. 2024లో ప్రభుత్వము మూడేండ్ల లోపువారికి "నవచేతన", మూడు మొదలు ఆఱేండ్లవారికి "ఆధార్‌శిల" అను ప్రణాళికలను ప్రకటించినది. వానియందును ఆటకే ప్రథమ స్థానము. రూపాయ లిచ్చి కొన్న తొందర కంటె వాకిటి మట్టియే బిడ్డకు మేలు.

సోదరీమణులారా! మీలో ననేకులకు మధ్యాహ్నమున నొక గంట తీరిక దొరకును. వారమున కొక్కమాఱు మీ వీధి అంగన్‌వాడీకి పొండు. తనిఖీకి పోయినట్లు కాక, పుట్టింటికి పోయినట్లు పొండు. బిడ్డలకొక కథ చెప్పుడు. ఆ పూట ఆ యమ్మకు వ్రాతపని చేసికొనుటకు వ్యవధి దొరకును. గుడ్డు చిన్నదైన నడుగుడు. పాలు రాకున్న నడుగుడు. ఆమెకు వేతనము నెలనెల రాకున్న అదియు నడుగుడు. మీ యింటి పురుషులకు తోటలో, ఫ్యాక్టరీలో మాట చెల్లినయెడల, పనికి వచ్చు తల్లుల బిడ్డలకు నీడయు, నీళ్లును, కనిపెట్టుకొని యుండుట కొక మనిషియు కావలెనని వారికి చెప్పుడు. మీ వీధిలో తమ్ముని చంకనెత్తుకొన్న పిల్ల కనబడిన "బుద్ధిమంతురాలు" అని మెచ్చుకొని ఊరకుండక, ఆమె యే తరగతి చదువుచున్నదో, నేడు బడి కేల పోలేదో యడుగుడు. ఆ జవాబు వినిన పిమ్మట ఏమి చేయవలయునో మీకే తోచును.